వృద్ధాశ్రమంలో మధ్యాహ్న భోజన వేళ

(శతవార్షికోత్సవ సభలలో స్త్రీల సమాజం పక్షాన చదివిన ప్రసంగ పాఠం)



నూరేళ్ళ చరిత్రను గూర్చి, కట్టిన ఆలయములను గూర్చి, నడిపిన పాఠశాలలను గూర్చి పెద్దలు ఎంతో చక్కగా చెప్పారు. మాకు ఇచ్చిన అంశం చిన్నది. మన పట్టణం చివరనున్న వృద్ధాశ్రమంలో మేము కొంతకాలంగా చేస్తున్న పనిని గూర్చి నాలుగు మాటలు చెప్పమన్నారు. అంతా చెప్పాలంటే సమయం చాలదు. కావున ఒక్క పూటను గూర్చి మాత్రమే చెబుతాము. పగలు పన్నెండింటికి గంట కొట్టినది మొదలు కంచాలు కడగడానికి పోయే వరకు అక్కడ ఏమి జరుగుతుందో, ఏమి జరగవలసి ఉన్నదో విన్నవిస్తాము. ఇందులో మనకు కాస్త కష్టంగా తోచే మాటలు కూడా ఉన్నాయి. మొదట తప్పు చేసినవారము మేమే గనుక, ఆ మాటలు మాకే ముందుగా వర్తిస్తాయి.

మనలో చాలామంది వెళ్ళినట్లే మేము కూడా మొదటిసారి ఆ ఆశ్రమానికి ఒక పుట్టినరోజు సందర్భంగా వెళ్ళాము. మా సమాజంలో ఒక పెద్దమ్మగారికి డెబ్బై ఏళ్ళు నిండాయి. ఆ సంతోషంలో అక్కడి వారికి ఒక పూట భోజనం పెడదామనుకున్నాము. పలావు, కోడికూర, పెరుగుచట్నీ, జిలేబీ చేయించి రెండు ఆటోలలో వేసుకొని వెళ్ళాము. మేము చేరేసరికి ఒంటిగంట అయింది. వారు పన్నెండింటి నుండి ఖాళీ కంచాల ముందు కూర్చుని ఉన్నారు. మేము వెళ్ళాక ఒక ప్రార్థన, ఒక పాట, రెండు చిన్న ప్రసంగాలు, ఆ తరువాత ఫొటోలు. ఒకటిన్నరకు వడ్డన మొదలై ఇరవై నిమిషాలలో ముగిసింది. “కడుపునిండా తిన్నారా?” అని అడిగితే అందరూ తలలూపారు. మాకు చాలా తృప్తి కలిగింది.

బయలుదేరే ముందు చేతులు కడుక్కుందామని పెరటిలోకి వెళ్ళాము. అక్కడ ఒక ఆయా కంచాలు కడుగుతున్నది. ఆమె ప్రక్కన రెండు బకెట్లు ఉన్నాయి. రెండూ నిండి ఉన్నాయి. పలావు, కోడిముక్కలు, ఒక్కసారి కొరికి వదిలేసిన జిలేబీలు. మేము చూస్తూ నిలబడిపోయాము. ఆమె మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. “ముక్కలు నమలలేరమ్మా. తీపి సగం మందికి పడదు. మీరు వెళ్ళాక కాస్త పెరుగన్నం కలిపి పెడతానులెండి” అన్నది.

ఆ రాత్రి మాలో ఎవరికీ సరిగా నిద్ర పట్టలేదు. మేము తెచ్చిన అన్నం మంచిదే, మనసు మంచిదే. అయినా ముప్పై ఇద్దరు పెద్దవాళ్ళను గంటన్నర ఆకలితో కూర్చోబెట్టి, వారు తినలేనిది వడ్డించి, తిన్నారో లేదో చూడకుండా ఫొటోలు తీసుకొని వచ్చాము. మరునాడు ఆశ్రమం నడిపే అమ్మగారి వద్దకు వెళ్ళి, “మేము ఈసారి ఏమీ తీసుకురాము. ఒక వారం రోజులు మధ్యాహ్నం పూట వచ్చి ఊరకనే చూస్తాము, అనుమతిస్తారా?” అని అడిగాము. ఆమె ఆశ్చర్యపడి, సరేనన్నారు.

ఆ వారంలో చూచినవే మాకు బడి అయ్యాయి.

ఆ ముప్పై ఇద్దరిలో ఇరవై ముగ్గురు తమంతట తాము తినగలరు. తొమ్మిదిమందికి ఎవరైనా సాయం చేయాలి. కొందరికి అన్నం కలిపి ఇస్తే చాలు. కొందరికి నోటికి అందించాలి. ఆ పూటకు ఉన్నది ఇద్దరు ఆయాలు. వడ్డన వారిదే, మంచాల మీద ఉన్నవారికి కంచాలు మోసుకుపోవడం వారిదే, మందులు ఇవ్వడం వారిదే, ఎత్తడం, తుడవడం వారిదే. ఒక్కొక్కరి నోట గబగబా నాలుగు ముద్దలు పెట్టి, నోరు మూస్తే “ఇక చాలంటున్నారు” అనుకొని ముందుకు సాగిపోయేవారు.

ఇది ఆయాల సోమరితనమని మేము మొదట అనుకున్నాము. తరువాత లెక్క వేసి చూస్తే సిగ్గుపడ్డాము. అమెరికాలో మూడు వృద్ధుల ఆశ్రమాలలో ఈ విషయమై జరిపిన ఒక పరిశోధన 2001లో ప్రచురితమైంది. మామూలు రోజులలో అక్కడి సిబ్బంది భోజనం వద్ద ఒక్కొక్కరికి సాయం చేసే సమయం సగటున 9 నిమిషాలు. తొందర లేకుండా, పలకరిస్తూ, వారు తినగలిగినంత తినేవరకు ప్రక్కన కూర్చుంటే పట్టిన సమయం సగటున 38 నిమిషాలు. ఆ విధంగా కూర్చున్నప్పుడు సుమారు సగం మంది మునుపటికంటె బాగా ఎక్కువ తిన్నారు. వంట మారలేదు, కూర్చున్న సమయమే మారింది. ఇప్పుడు మన ఆశ్రమం లెక్క చూడండి. తొమ్మిదిమందికి 38 నిమిషాల చొప్పున 342 నిమిషాలు. ఇద్దరు ఆయాలు పంచుకున్నా ఒక్కొక్కరికి దాదాపు మూడు గంటలు. ఏ ఆయా అయినా ఏమి చేయగలదు? ఆమె చేతులు రెండే గదా.

కావున అక్కడ కొరతగా ఉన్నది బియ్యం కాదని మాకు తెలిసింది. బియ్యం దాతలు ఇస్తూనే ఉన్నారు. అన్నం ముందు కూర్చునే మనిషి కొరత.

ఆ మరుసటి వారం నుండి మాలో ఎనిమిది మందిమి వంతులు వేసుకొని వెళ్ళడం ప్రారంభించాము. ప్రేమ ఉంటే చాలు, అన్నం తినిపించడం ఎవరికి రాదు, పిల్లలను పెంచలేదా అనుకున్నాము. అక్కడే మరొక తప్పు జరిగింది. దానిని దాచడం న్యాయం కాదు గనుక చెబుతున్నాము.

పక్షవాతం వచ్చి కుడి ప్రక్క పడిపోయిన ఒక పిన్నిగారు మంచం మీద ఉండేవారు. మేము ఆమె తల క్రింద రెండు దిండ్లు పెట్టి, సగం పడుకొని ఉండగానే చారన్నం పెట్టి, మధ్యమధ్య గ్లాసుతో నీళ్ళు తాగించేవారము. ఆమెకు పొలమారేది. మన ఇండ్లలో ఏమి చేస్తామో అదే చేశాము. నడినెత్తి మీద తట్టి, “మీ అబ్బాయి తలచుకుంటున్నాడు పిన్నిగారూ” అని నవ్వాము. ఆమె కూడా నవ్వేవారు. మూడు రోజులు అట్లే జరిగింది. నాలుగవనాడు జ్వరం, ఆయాసం. ఆసుపత్రిలో చేర్చారు. తిన్నదీ తాగినదీ కడుపులోకి పోవలసిన దారి తప్పి కొంత ఊపిరితిత్తులలోకి పోయిందని డాక్టరుగారు చెప్పారు. పదకొండు రోజుల తరువాత ఆమె తిరిగి వచ్చారు. దేవుని దయ. కాని అంతకు ముందున్న బలం ఆమెకు మరల రాలేదు.

అప్పుడు మేము డాక్టరుగారి వద్దనే కూర్చుని నేర్చుకున్నాము. మీలో ఇంటివద్ద పెద్దవాళ్ళు ఉన్నవారు ఈ సంగతులు గుర్తుంచుకొనవలెనని కోరుతున్నాము.

పక్షవాతం, వణుకుడు జబ్బు, మతిమరుపు జబ్బు ఉన్నవారికి మ్రింగే శక్తి తగ్గవచ్చు. తినేటప్పుడు మాటిమాటికి పొలమారడం, తిన్న తరువాత గొంతులో నీరున్నట్లు మాట గరగరలాడడం, ముద్ద బుగ్గలోనే నిలిచిపోవడం, తరచు జ్వరంతో కూడిన దగ్గు రావడం దానికి గుర్తులు. కొందరికి దగ్గు కూడా రాకుండానే లోపలికి పోతుంది. ఇటువంటి గుర్తు కనబడితే తలమీద తట్టి ఊరుకొనక డాక్టరుకు చూపించాలి. మ్రింగుడును పరీక్షించే నిపుణులు పెద్ద ఆసుపత్రులలో ఉంటారు. మనకు వింతగా తోచే సంగతి ఏమంటే, ఇటువంటి వారిలో చాలామందికి అన్నం కంటె పలుచని నీరే ఎక్కువ ప్రమాదం. అది గొంతులో త్వరగా జారిపోతుంది. ఎవరికి ఎంత చిక్కగా ఉండాలి, ఎంత మెత్తగా ఉండాలి అనేది నిపుణులు చెప్పాలి. అందుకోసం ద్రవాల చిక్కదనాన్ని, ఆహారపు మెత్తదనాన్ని 0 నుండి 7 వరకు మెట్లుగా విభజించిన అంతర్జాతీయ పద్ధతి ఒకటి ఇప్పుడు అనేక దేశాలలో వాడుకలో ఉన్నది. మనంతట మనము ఊహించి నిర్ణయించరాదు.

ఇక అందరికీ వర్తించే సంగతులు ఇవి. తినేవారిని వీలైనంత నిటారుగా కూర్చోబెట్టాలి. గడ్డం కొంచెం క్రిందికి ఉండాలి, తల వెనుకకు వాల్చరాదు. తినిపించేవారు నిలబడి పైనుండి పెట్టరాదు, వారి కంటికి ఎదురుగా స్టూలు వేసుకొని కూర్చోవాలి. ముద్ద చిన్నదిగా ఉండాలి. మ్రింగిన తరువాతనే రెండవ ముద్ద. నోట్లో అన్నం ఉండగా ప్రశ్నలు అడిగి మాట్లాడించరాదు. భోజనమైన తరువాత అరగంట వరకు పడుకోబెట్టరాదు. నోరు కడిగించాలి, ఎందుకంటే నోటిలోని మురికి కూడా ఊపిరితిత్తుల జబ్బుకు దోహదం చేస్తుంది. ఇవన్నీ ఖర్చులేని పనులు. వీటికి కావలసినది నిదానమే.

ఇప్పుడు ఒక మాస్టారిని గూర్చి చెబుతాము. ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి. మేము వెళ్ళిన కొత్తలో ఆయన కంచం ప్రతిరోజు అట్లే తిరిగి వచ్చేది. “ఆయనకు కోపం ఎక్కువ, కొడుకులు రాలేదని అలిగి తినడు” అని అందరూ అన్నారు. మేమూ నమ్మాము. ఒకనాడు మాలో ఒకరు ప్రక్కన కూర్చుని, “మాస్టారూ, మీకు ఏమి ఇష్టం?” అని అడిగారు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత జేబురుమాలు విప్పి అందులో చుట్టి పెట్టుకున్న కట్టుడు పళ్ళు చూపించారు. చిక్కిపోయిన తరువాత అవి వదులై చిగుళ్ళు ఒరుసుకొని పుండ్లు పడ్డాయి. నలుగురిలో పళ్ళు ఊడిపడితే నవ్వుతారని ఆయన పెట్టుకోవడం మానేశారు. పళ్ళు లేవని చెప్పుకోవడానికి సిగ్గుపడి, కోపిష్టి అనే పేరునే భరించారు. పంటి డాక్టరు వద్దకు తీసుకొని వెళ్ళి పళ్ళు సరిచేయించాము. అది కుదిరే వరకు పప్పు మెత్తగా రుబ్బి, అన్నం జావగా ఉడికించి పెట్టించాము. నెల తిరిగేసరికి ఆయన మజ్జిగలో ఉప్పు తక్కువైందని వంటమనిషిని కేకలు వేస్తుంటే మాకు పండుగలా ఉంది.

మరొక మామ్మగారు అన్నంలో సగం మాత్రమే తినేవారు. ఎప్పుడు చూచినా కంచంలో ఒక ప్రక్క అన్నం ముట్టకుండా ఉండేది. ఆమెకు శుక్లాలు ముదిరి ఉన్నాయి. తెల్లని ప్లాస్టిక్ కంచంలో తెల్లని పెరుగన్నం ఆమెకు కనబడడం లేదు. అమెరికాలో బోస్టన్ నగరంలో జరిపి 2004లో ప్రచురించిన పరిశోధన ఒకటి ఉన్నది. ముదిరిన మతిమరుపు జబ్బుతో ఉన్నవారికి తెల్లని పాత్రలు తీసివేసి ముదురు ఎర్రని కంచాలు, గ్లాసులు పెట్టారు. ఆహారం 25 శాతం, పానీయాలు 84 శాతం ఎక్కువగా తీసుకున్నారు. అది కొద్దిమంది మీద జరిగిన చిన్న పరిశోధనే. అయినా ఆ సంగతి చదివినప్పుడు మాకు మన అరటి ఆకు జ్ఞాపకం వచ్చింది. పచ్చని ఆకులో తెల్లని అన్నం ఎంత స్పష్టంగా కనబడుతుంది! మా సమాజంలో ఒకరి తోటలోనుండి ఆకులు తెప్పించి కంచం కొలతకు కోసి పరిచాము. ఆకులు దొరకని రోజులకు ముదురు ఆకుపచ్చ కంచాలు కొన్నాము. మామ్మగారు ఆ రోజు ఆకును వ్రేలితో తడిమి, “ఎవరి పెండ్లి?” అని అడిగారు. అన్నం మిగల్చలేదు. ఆ తరువాత ఆమె కండ్లకు ఆపరేషను కూడా చేయించారు.

ఏమి పెట్టాలి అనేది కూడా ఒక మాట చెప్పుకుందాము. వయస్సు మీరినకొద్దీ నాలుకకు రుచి, ముక్కుకు వాసన తగ్గుతాయి. దాహం వేసినా తెలియదు. అందువలన అడిగినా అడగకపోయినా మంచినీళ్ళు, మజ్జిగ అందిస్తూ ఉండాలి. ఆకలి తగ్గినా కండ నిలవడానికి మాంసకృత్తులు కావాలి. పెద్ద వయస్సువారికి శరీరపు బరువులో కిలోకు రోజుకు 1 నుండి 1.2 గ్రాముల మాంసకృత్తులు అవసరమని చాలామంది నిపుణులు చెబుతున్నారు. 45 కిలోల మనిషికి సుమారు 45 నుండి 54 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, ఒక గ్లాసు పాలలో సుమారు 6 గ్రాములు ఉంటాయి. నీళ్ళ చారు పోసిన అన్నంతో ఆ లెక్క తీరదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడిగి నడుచుకొనవలెను.

పాలు, పెరుగును గూర్చి ఆస్ట్రేలియాలో 60 వృద్ధాశ్రమాలలో, ఏడు వేల మందికి పైగా వృద్ధులతో రెండేళ్ళు జరిపిన పరిశోధన 2021లో ప్రచురితమైంది. సగం ఆశ్రమాలలో పాలు, పెరుగు, చీజు పెంచి పెట్టారు. ఆ ఆశ్రమాలలో ఎముకలు విరగడం 33 శాతం, తుంటి ఎముక విరగడం 46 శాతం, పడిపోవడం 11 శాతం తగ్గాయి. మరణాల సంఖ్యలో మాత్రం తేడా రాలేదు. ఆయుష్షు పెరగకపోయినా, ఉన్నన్నాళ్ళు తన కాళ్ళమీద తాను నిలబడడం తక్కువ మేలా? తుంటి విరిగిన మనిషి కష్టం మన ఇండ్లలో చూచినవారికి ఆ మాట వివరించనక్కరలేదు.

ఆశ్రమంలో మరొక సంగతి మా కంటపడింది. రాత్రి భోజనం ఆరు గంటలకే పెట్టేస్తారు. ఉదయం ఫలహారం ఎనిమిదిన్నరకు. మధ్యలో పదునాలుగున్నర గంటలు. అమెరికాలో నర్సింగ్ హోముల నిబంధనల ప్రకారం రాత్రి భోజనానికి, ఉదయపు ఫలహారానికి మధ్య మామూలుగా 14 గంటలకు మించి ఎడం ఉండరాదు. ఆ సంగతి ఆశ్రమం అమ్మగారికి చెబితే, “నిజమే, మధుమేహం ఉన్నవారు తెల్లవారుఝామున నీరసపడుతున్నారు” అన్నారు. ఇప్పుడు రాత్రి ఎనిమిదిన్నరకు అందరికీ ఒక గ్లాసు వేడిపాలు ఇస్తున్నారు. పాలు పడనివారికి రాగిజావ. ఆ పాల ఖర్చు మా సమాజం నెలనెలా భరిస్తున్నది.

ఇంకొకటి, బరువు. నెలకొకసారి అందరినీ తూచి పుస్తకంలో వ్రాస్తున్నాము. ఒక నెలలో 5 శాతం గాని, ఆరు నెలలలో 10 శాతం గాని తగ్గితే డాక్టరుకు చెప్పాలి. 40 కిలోల మనిషి ఒక నెలలో 2 కిలోలు తగ్గితే అది చిన్న సంగతి కాదు. కంచం తిరిగి వచ్చినప్పుడు అబద్ధం చెప్పవచ్చు, త్రాసు చెప్పదు.

ఇక మా మనస్సులకు అన్నిటికంటె ఎక్కువగా తాకిన సంగతి. హాలుకు దగ్గరగా ఉన్న గదిలో ఎనభై దాటిన మామ్మగారు ఒకరు ఉన్నారు. మతిమరుపు జబ్బు. పేరు అడిగితే చెప్పలేరు. పళ్ళు ఉన్నాయి, మ్రింగుడు బాగానే ఉన్నది, కంచం ఆకుపచ్చదే. అయినా ముద్ద పెట్టబోతే చేయి అడ్డం పెట్టి తల త్రిప్పేవారు. మేము బుజ్జగించాము, కథలు చెప్పాము. కుదరలేదు. ఒకనాడు మాలో ఒకరికి చక్కెర జబ్బు వలన ఆకలికి ఆగలేక, ఆమె ప్రక్కనే కూర్చుని తన క్యారియరు విప్పి తినడం మొదలుపెట్టారు. మామ్మగారు ఆమె తినడం చూస్తూ ఉండి, “నీకు సరిపోయిందా అమ్మా? పిల్లలు తిన్నారా?” అని అడిగారు. “అందరూ తిన్నారు మామ్మగారూ, మీరే మిగిలారు” అని చెప్పింది మా సహోదరి. అప్పుడు ఆమె తన కంచం దగ్గరకు లాక్కొని, తన చేతితో తానే కలుపుకొని తిన్నారు.

అరవై ఏళ్ళు ఇంట్లో అందరూ తిన్న తరువాత, గిన్నెలో మిగిలినది తిన్న మనిషి ఆమె. పేరు మరచిపోయినా ఆ అలవాటును మరువలేదు. ఎవరూ తినకముందు ఆమెకు పెట్టబోతే ఆమె ఎట్లా తింటారు? ఆ రోజు నుండి మేము మా క్యారియర్లు తీసుకొని వెళ్తున్నాము. ఆమె ముందు తిని చూపిస్తాము. “అందరూ తిన్నారు” అని చెబుతాము. ఆమె తింటారు.

ఆ సంగతితో మేము భోజనశాల పద్ధతే మార్చమని ఆశ్రమంవారిని అడిగాము. నడవగలిగినవారినీ, చక్రాల కుర్చీలో కూర్చోగలిగినవారినీ అందరినీ హాలులోకి తీసుకొని వచ్చి, బల్లకు ఆరుగురి చొప్పున బంతి కూర్చోబెడుతున్నారు. కూరలు గిన్నెలలో బల్లమీదనే పెడుతున్నారు. కావలసినవారు వడ్డించుకుంటారు, ప్రక్కవారికి వడ్డిస్తారు. ఆ అరగంట మందులు పంచరు, టీవీ పెట్టరు, గదులు కడగరు. నెదర్లాండ్స్ దేశంలో ఐదు నర్సింగ్ హోములలో 178 మందితో ఇంటి భోజనం తరహాలో ఇట్లే ఆరు నెలలు చేసి చూచిన పరిశోధన 2006లో వచ్చింది. కంచంలో ముందుగానే వడ్డించి తెచ్చి ఇచ్చినవారు క్షీణించగా, బల్లవద్ద కలిసి తిన్నవారు బరువు, బలం, మనస్సు నిలుపుకున్నారు. మన తాతముత్తాతల బంతి భోజనం ఎంత తెలివైనదో ఆ దేశంవారు లెక్కలతో చూపించినట్లయింది.

అడగడం కూడా నేర్చుకున్నాము. “కంది పచ్చడా, గోంగూరా?” “పెరుగా, మజ్జిగా?” “స్పూను కావాలా, చేత్తో తింటారా?” ఇంతే. నలుగురికీ పెట్టి బ్రతికినవారు ఆశ్రమానికి వచ్చిన తరువాత ఏమి తినాలో, ఎప్పుడు తినాలో, ఎక్కడ కూర్చోవాలో అన్నీ ఇతరులే నిర్ణయిస్తారు. మొదటిసారి అడిగినప్పుడు ఒక తాతగారు జవాబు చెప్పలేక మా ముఖం వంక చూస్తూ ఉండిపోయారు. ఇప్పుడు ఆయనే గోంగూరలో ఉల్లిపాయ ఎందుకు వేయలేదని అడుగుతున్నారు.

ప్రియులారా, అన్నీ సరిపోయాయని చెప్పడానికి మేము రాలేదు. రాత్రి పూట భోజనానికి మేము వెళ్ళలేకపోతున్నాము. ఆ వేళకు ఆ తొమ్మిదిమంది మరల ఇద్దరు ఆయాల చేతులలోనే ఉంటారు. పగలు కూడా అన్ని రోజులకు మా సంఖ్య చాలదు.

2011 జనాభా లెక్కల నాటికే మన దేశంలో 60 ఏళ్ళు పైబడినవారు 10 కోట్లు దాటారు. ఆ సంఖ్య ఇంకా పెరుగుతున్నది. పిల్లలు హైదరాబాదులో, బెంగుళూరులో, అమెరికాలో ఉన్నారు. రేపు ఆ బల్లవద్ద కూర్చునేవారిలో ఈ సభలో ఉన్నవారము కూడా ఉండవచ్చును. కావున కొన్ని మనవులు చేస్తున్నాము.

పుట్టినరోజుకు, పెండ్లిరోజుకు, జ్ఞాపకార్థదినానికి భోజనం పెట్టదలచినవారు దయచేసి మానవద్దు. అయితే రెండు రోజుల ముందు ఆశ్రమానికి ఫోను చేసి, ఎవరు ఏమి తినగలరో అడగండి. మెత్తని పప్పు, బాగా ఉడికిన కూర, ముల్లు లేనిది, ఎముక లేనిది, గుడ్డు, కమ్మని పెరుగు చేయించండి. పన్నెండింటికే చేరండి. ప్రసంగాలు, పాటలు భోజనమైన తరువాత పెట్టుకోండి. నోట ముద్ద ఉన్న మనిషిని ఫొటో తీయకండి. అన్నిటికంటె ముఖ్యంగా, మీ కంచం కూడా పెట్టుకొని వారితోపాటు కూర్చుని తినండి. ఒక పూట విందుకు అయ్యే ఖర్చులో సగం పాలకు గాని, ఒకరి పళ్ళకు గాని, కళ్ళద్దాలకు గాని ఇస్తే అది నెలల తరబడి కంచంలో కనబడుతుంది.

చివరిగా ఒక లెక్క. మాస్టారే దీనిని వేసి ఇచ్చారు. సాయం కావలసినవారు తొమ్మిదిమంది. వారానికి ఏడు మధ్యాహ్నాలు. తొమ్మిదేడులు అరవైమూడు. మేము ఇప్పుడు పదునలుగురము అయ్యాము. తలా రెండు పూటలు వెళ్తే ఇరవై ఎనిమిది. ఇంకా ముప్పై అయిదు కావాలి. ముప్పై అయిదుగురు వారానికి ఒక్క మధ్యాహ్నం, ఒక్క గంట ఇస్తే ఆ ఆశ్రమంలో పగటి పూట ఎవరి ముందూ స్టూలు ఖాళీగా ఉండదు. స్త్రీలే రానక్కరలేదు. ఉద్యోగ విరమణ చేసిన సహోదరులు, సెలవులలో ఉన్న యౌవనస్థులు రావచ్చును. ఎట్లా కూర్చోబెట్టాలో, ఎట్లా తినిపించాలో ఆశ్రమం నర్సుగారు ఒక పూట నేర్పుతారు. అది నేర్చుకోకుండా ఎవరినీ ముద్ద పెట్టనివ్వరు. మా తప్పు వలన ఆ నియమం వచ్చింది.

సభ ముగిసిన తరువాత ద్వారం వద్ద ఒక నోటు పుస్తకం, పెన్ను ఉంటాయి. మీ పేరు, మీకు వీలైన వారం వ్రాయండి. వచ్చేటప్పుడు మీ క్యారియరు మరువకండి. అక్కడ ఒక మామ్మగారు మీరు తిన్నారా అని అడుగుతారు. తిన్నామని నిజంగా చెప్పగలగాలి.